సిస్టర్‌గారి మూడో బెడ్

"పాలు తాగిన పాము సిస్టర్ పోయారండీ" అని ఫోనులో చెప్పారు.

చెప్పినాయన మంచివాడే. నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్ళో నాకు పాత స్నేహితుడు, కెమిస్టు. ఎల్లుండి పదకొండు గంటలకు ఫ్యూనరల్ హోములో చివరి చూపు అనీ, కార్లు ఎక్కడ పెట్టుకోవాలో అనీ ఇంకా చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు కాలిన ఒళ్ళకు కట్లు కట్టిన మనిషి. రెండు దేశాల్లో, రెండు భాషల్లో, అరిచేవాళ్ళ మధ్య నిలబడి పనిచేసిన మనిషి. ఆ మనిషికి మన తెలుగువాళ్ళు మిగిల్చిన బిరుదు ఇదీ.

ఆ బిరుదు ఇచ్చినవాళ్ళ మీద నేను వ్యాసం రాయగలను. అలాంటివి ఈ దేశంలోనూ ఆ దేశంలోనూ చాలా రాశాను. కానీ ఈ బిరుదుకి మూలం వాళ్ళు కాదు, నేను. అందుకని ఇది వ్యాసం కాదు.

ఆవిడ పొట్టిగా ఉండేది. నేత చీర, దాని కింద తెల్లటి టెన్నిస్ బూట్లు. గడియారం చేతికి ఉండేది కాదు. జాకెట్టు మీద పిన్నుతో తలకిందులుగా వేలాడేది. టైము చూడాలంటే గడ్డం గుండెకి ఆనించి చూసుకునేది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎవరినో చూసి తలదించుకున్నట్టు ఉండేది. ఆవిడ తలదించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గుంటూరు వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుని, డెబ్భైల మొదట్లో నార్త్ కరోలినా వచ్చి, ఒక పెద్దాస్పత్రిలో కాలిన రోగుల వార్డులో చేరింది. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ 'సిస్టర్'. నేను అక్కా అనేవాణ్ణి. నన్ను అబ్బాయ్ అనేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీలు కుదరలేదు" అనేది.

ఆవిడ ఇంట్లో ఖాళీ పడకగదికి 'వార్డు' అని పేరు. అందులో మూడు అద్దాల తొట్లు, మూడింటిలో మూడు పాములు. వాటికి పేర్లు లేవు. ఒకటో బెడ్, రెండో బెడ్, మూడో బెడ్. మొదటిది ఆస్పత్రిలో చనిపోయిన ఒక ముసలి రైతు ఆవిడకి అప్పగించి పోయిన కార్న్ స్నేక్. ఎర్రమట్టి రంగులో ఉండేది. పొలాల్లో ఎలుకల్ని పట్టే జాతి. ఆవిడ పాముని పెంచుతుందని తెలిశాక, పెంచలేనివాళ్ళు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. రెండోదీ అలాగే వచ్చింది. మూడోది ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న జాతి కొండచిలువ. భయపడితే బంతిలా చుట్టుకుపోయి తల లోపల దాచుకుంటుంది. చదువైపోయి ఊరు విడిచివెళ్ళే ఒక కాలేజీ కుర్రాడు అట్టపెట్టెలో పెట్టి ఆవిడ గుమ్మం ముందు వదిలి వెళ్ళాడు.

ప్రతి తొట్టికీ ఒక అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి చార్టు. తిండి ఏ రోజు పెట్టింది, నీళ్ళు ఏ రోజు మార్చింది, బరువెంత, కుబుసం ఎప్పుడు విడిచింది, ఒకే ముక్కగానా, ముక్కలుగానా. అన్నీ గళ్ళల్లో, ఇంగ్లీషులో, నర్సు దస్తూరీలో. నేను ఆ ఊళ్ళో మందుల కంపెనీలో గణాంకాలు సరిచూసే ఉద్యోగం చేసేవాణ్ణి. నా కంపెనీలో పీహెచ్‌డీలు రాసే రికార్డులు కూడా అంత శుభ్రంగా ఉండేవి కావు. ఆ చార్టులు చూసే నేను ఆవిడకి అభిమానినయ్యాను. ఈ మనిషి మన హేతువాదుల మనిషి అనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

ఎందుకంటే ఆవిడ పాముకి తిండి పెట్టేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. మెడికల్ కాలేజీ లాబ్ నుంచి తెచ్చిన చచ్చిన ఎలుకలు ఆవిడ ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాల పక్కన ఉండేవి. ఒకటి తీసి, వేణ్నీళ్ళలో కరిగించి, పట్టకారుతో పట్టుకుని, కళ్ళు మూసుకునేది.

"ఎవరి తరఫున ప్రార్థన అక్కా, పాము తరఫునా, ఎలుక తరఫునా?"

"ఇద్దరి తరఫునా. నీ పేరు మీద కూడా ఒక ముక్క వేశాలే."

మా ఊరి గ్రంథాలయంలో శనివారం శనివారం జరిగే చర్చల్లో పెరిగినవాణ్ణి నేను. ఎదుటివాడి నోటి నుంచి మాట రాగానే అందులో పగులు ఎక్కడుందో వెతకడం నా అలవాటు. ఈవిడ దగ్గర అది పనిచేసేది కాదు. వాదన మొదలుపెడితే వినేది, చేతులు మోచేతుల దాకా కడుక్కునేది, వార్డులోకి వెళ్ళిపోయేది. నేను వెనకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే, "లోపల పేషెంట్లున్నారు, మెల్లగా" అనేది. నేను సైక్లోస్టైల్ చేసి అమెరికాలో తెలుగువాళ్ళకి పంపే చిన్న పత్రిక ఒకటి ఉండేది. దానికి పాముల గురించి రాయమని రెండేళ్ళు వెంటపడ్డాను.

"నీ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పాల్సిందేం లేదు. చెప్పాల్సినవాళ్ళు నీ పత్రిక చదవరు. ఎవరికి రాయాలి అబ్బాయ్?" అంది.

పాము కుబుసం విడవడాన్ని పోలికగా వాడేవాళ్ళంటే ఆవిడకి పడేది కాదు. చర్చిలో ఒకాయన పాత స్వభావాన్ని కుబుసంలా వదిలేయాలన్నాడు. ఉగాది సభలో ఇంకొకాయన ఆత్మ కుబుసం విడిచినట్టు శరీరాన్ని విడుస్తుందన్నాడు. నేనూ ఒకసారి సమాజం, మూఢనమ్మకాలు, కుబుసం అని ఏదో అన్నాను. ముగ్గురికీ ఆవిడ ఒకే మాట చెప్పింది: "అది చర్మం. దురద పెడుతుంది. అంతే."

ఆ చర్మం సంగతి చెప్పాలి. కుబుసం విడిచే ముందు పాము రంగు వెలిసిపోతుంది, కళ్ళు నీలం కలిసిన పాలలా మసకబారతాయి. కొన్ని రోజులు సరిగా కనపడదు. ఆ తర్వాత కళ్ళు మళ్ళీ తేటబడతాయి. మరి కొన్ని రోజులకు మూతి దగ్గర చర్మం చిట్లి, మేజోడు తిరగేసి లాగినట్టు, మూతి నుంచి తోక దాకా ఒకే ముక్కగా ఊడుతుంది. పాముకి రెప్పలుండవు. కంటి మీద పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, అదీ కుబుసంతో పాటే రావాలి. ఒంట్లోనూ గాలిలోనూ తడి ఉంటేనే ఇదంతా సవ్యంగా జరుగుతుంది. కరోలినాలో నవంబరు వస్తే ఇళ్ళల్లో హీటర్లు వేస్తారు. హీటరు గాలిలో తడినంతా తాగేస్తుంది. అప్పుడు కుబుసం ఒంటికి అంటుకుపోతుంది. పేలికలుగా ఊడుతుంది. తోక చివర ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక తోక ఎండిపోతుంది. కంటి పొర ఊడకుండా మిగిలితే దాని మీద ఇంకో పొర, ఆ మీద ఇంకొకటి. చివరికి కన్ను పోతుంది.

ఒక చలికాలం ఆదివారం మధ్యాహ్నం రెండో బెడ్‌కి అలా అయింది. ఆవిడ పాత దిండు గలీబు ఒకటి గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండి, పాముని అందులో పెట్టి, గలీబు మూతి ముడివేసి బేసిన్‌లో ఉంచింది. అరగంట. గడ్డం దించి గడియారం చూసుకుంటూ కూర్చుంది. తర్వాత తడి తువ్వాలు రెండు చేతుల మధ్య వదులుగా పట్టుకుని, పాముని ఆ మధ్యలోంచి పాకనిచ్చింది. తను లాగలేదు. పాము పాకుతుంటే తువ్వాలుకి పట్టుకుని చర్మం దానంతటదే వెనక్కి మిగిలిపోయింది. చివర ఒక పేలిక వేలాడుతుంటే నేను చెయ్యి పెట్టబోయాను.

"తడపకుండా లాగమాక" అంది, చెయ్యి మీద కొట్టి. "ఎండిన కట్టు లాగితే కింద కొత్త చర్మం కూడా ఊడొస్తుంది. వార్డులో కొత్త పిల్లలు చేసే మొదటి తప్పు ఇదే. పేషెంటు అరుస్తాడని భయపడి గబుక్కున లాగుతారు."

"ఇది అరవదుగా."

"అందుకే ఇంకా మెల్లగా చెయ్యాలి."

ఇంత పని తెలిసిన మనిషి ఇంట్లో ఊరి తెలుగు ఇల్లాళ్ళెవరూ కాఫీ తాగేవారు కాదు. ఎనిమిదేళ్ళు. గుమ్మం దాకా వచ్చేవారు. పిల్లలకి కాలిందనో తెగిందనో, ఎమర్జెన్సీకి వెళ్ళాలా అక్కర్లేదా అని అడిగేవారు. లోపలికి రండమ్మా, కాఫీ పెడతానంటే "ఇప్పుడే తాగొచ్చామండీ" అనేవారు. పాములకి భయపడి అనుకునేరు. మిగతా ఇళ్ళల్లో కుక్కలుంటాయి, కుక్కకి భయపడే ఆవిడ కూడా వంటింట్లో కూర్చుని తాగుతుంది. కులం మాట ఎవరూ ఎత్తరు. ఇంటిపేరు విని, ఏ ఊరో తెలుసుకుని, ఏ చర్చో అడిగితే సరిపోతుంది. సముద్రం దాటినా లెక్క తప్పదు. నేను ఈ సంగతి పత్రికలో రాస్తానంటే ఆవిడ నన్ను రాయనివ్వలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు దీపావళికి ముందు, కెమిస్టుగారి భార్య ఆవిడకి ఫోను చేసింది. నాగుల చవితి వస్తోంది, ఈ ఊళ్ళో పుట్టలు లేవు, ఇన్నాళ్ళూ పటానికి పాలు చూపించి ఊరుకుంటున్నాం, మీ ఇంట్లో సాక్షాత్తూ ఉందిగా, మేం ఐదారుగురం వచ్చి దండం పెట్టుకుంటాం అంది. చవితి మంగళవారం వచ్చింది. వీళ్ళు శనివారం జరుపుకుంటామన్నారు. వీకెండ్ దాకా దేవుణ్ణి ఆగమనడం వీళ్ళకి కొత్త కాదు.

సిస్టర్ సరేనంది. నేను మండిపడ్డాను.

"మీ చేతి మంచినీళ్ళు ముట్టనివాళ్ళు మీ పాముకి పాలు పోస్తారా?"

"పోయనీ. పోసినాక తొట్టి కడుక్కుంటా. లోపలికైతే వస్తారుగా."

"ఆత్మగౌరవం అనేది ఒకటుంటుంది అక్కా."

"నీకు ఆత్మగౌరవముంది. నాకు పెద్ద ఇల్లుంది, ఎవరూ రాని ఇల్లు."

ఆ శనివారానికి ముందు తొమ్మిది రోజులు ఆవిడ ఊళ్ళో లేదు. అట్లాంటాలో తెలుగు క్రైస్తవుల కూటాలు, ఆ తర్వాత అక్కడే పాత స్నేహితురాలి ఇల్లు. పాముల్ని నాకు అప్పగించింది. మూడో బెడ్ రంగు అప్పుడే వెలుస్తోంది, కుబుసానికి వచ్చింది. రోజూ నీళ్ళగిన్నె నింపాలి, తొట్టిలో తడిగుడ్డ మార్చాలి, హీటరు తగ్గించి ఉంచాలి, చార్టులో రాయాలి. నాలుగు పనులు. రెండుసార్లు చెప్పి, నాచేత తిరిగి చెప్పించుకుంది.

నేను రోజూ వెళ్ళాను. ఆ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కనక ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వ్యాసం రాసుకున్నాను. చలేస్తే హీటరు పెంచుకున్నాను. రెండో రోజునే మూడో బెడ్ తన గిన్నెని బోర్లా తోసేసింది. చూశాను. ఈ పేరా అయ్యాక నింపుదాం అనుకున్నాను. వ్యాసం దేని గురించో కూడా చెప్పాలి: పాములు పాలు తాగవని. పాములవాళ్ళు పాముని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఎండగట్టి తెస్తారని, దాహంతో ఉన్న పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుందని, దాన్ని చూసి జనం దండాలు పెడతారని. ఆ పేరా బాగా వచ్చింది. పక్క గదిలో గిన్నె బోర్లా పడే ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున, ఆవిడ వచ్చే వేళకి, గిన్నె తిరగేసి దాని చోట పెట్టాను. నీళ్ళు పోయడం అప్పుడూ మరిచాను. చార్టు మాత్రం మరవలేదు. ఒకే పెన్నుతో, ఒకే విడతలో, అన్ని గళ్ళలోనూ 'నీళ్ళు మార్చాను' అని రాశాను. నా ఉద్యోగంలో ఎవరైనా అలా రాస్తే పట్టుకునేది నేనే. అందరి సిరా ఒకే రంగులో ఉంటే అనుమానించాలని కొత్తవాళ్ళకి నేర్పేదీ నేనే.

ఆవిడ పదింటికి కారు దిగింది. పదకొండుకి పట్టుచీరలు దిగాయి. మధ్యలో వార్డులోకి ఒకసారి తొంగి చూసి, "మూడో బెడ్ మాడిపోయినట్టుందే" అని, చార్టు చూసి, సరే అనుకుంది. నా దస్తూరీని నమ్మింది.

చలిమిడి, చిమ్మిలి, పసుపు, స్టీలు గిన్నెలో పాలు. చెప్పులు గుమ్మం బయట వదిలి వరుసగా లోపలికి వచ్చారు. సిస్టర్ తొట్టి మూత తీయనంది. అద్దంలోంచే దండం పెట్టుకోండమ్మా, దానికి నలతగా ఉంది అంది. వాళ్ళూ ఒప్పుకున్నారు. అంతటితో అయిపోయేది.

"పాలు పెట్టి చూడండి" అన్నాను నేను. "అది ముట్టను కూడా ముట్టదు. ఇన్నాళ్ళ భ్రమ ఇవాళ మీ కళ్ళతో మీరే చూసి వదిలించుకోండి."

"ఎందుకండీ అన్నగారూ ఈ పంతాలు" అంది కెమిస్టుగారి భార్య. "మా దండం మేం పెట్టుకుంటాం, మీ వ్యాసం మీరు రాసుకోండి."

నేను వదల్లేదు. సిస్టర్ వైపు తిరిగి, "ఒక్క నిమిషం అక్కా, అది ముట్టదని మీకూ తెలుసు" అన్నాను. నిజమే, తెలుసు. నీళ్ళు తాగిన పాము పాలు ముట్టదు. చార్టు ప్రకారం ఇది నీళ్ళు తాగిన పాము. ఆవిడ మూత కొంచెం జరిపి చిన్న పళ్ళెం లోపల పెట్టింది.

మూడో బెడ్ తల ఎత్తింది. నాలుక రెండుసార్లు ఆడించింది. నెమ్మదిగా పాకి వచ్చి మూతి పళ్ళెంలో ఆనించింది. గొంతు కదలడం మొదలైంది. ఆగలేదు.

ఒకావిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఐదారు జతల చేతులు మెల్లగా జోడయ్యాయి. సిస్టర్ పాముని చూసింది. తర్వాత తొట్టిలో ఎండి తెల్లటి చార కట్టిన నీళ్ళగిన్నెని చూసింది. తర్వాత చార్టుని. తర్వాత నన్ను. నేను చెప్పాల్సిన క్షణం అదే. 'దీనికి దాహమేసింది, నేను నీళ్ళు పెట్టలేదు.' ఆ మాట అనుంటే అద్భుతం అక్కడే చచ్చేది. నేను మాట్లాడకుండా నిలబడ్డది నా జీవితంలో చాలా కొద్దిసార్లు.

ఆవిడ పళ్ళెం తీసేసింది. నీళ్ళగిన్నె నింపి లోపల పెట్టింది. "ఇక చాలమ్మా, దాన్ని పడుకోనిద్దాం" అని అందర్నీ ముందు గదిలోకి తీసుకెళ్ళింది. అలవాటు కొద్దీ "కాఫీ పెట్టనా" అంది. కెమిస్టుగారి భార్య సోఫాలో కూర్చుని, "పెట్టండి సిస్టర్, చక్కెర ఎక్కువెయ్యండి" అంది.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక ఆవిడ చార్టు తీసి నా తొమ్మిది గళ్ళ మీద ఒక్కొక్క గీత గీసింది. చెరపలేదు. కింద రాసింది కనపడేలా ఒకే గీత, పక్కన 'చేయలేదు', పక్కన తన పొడి అక్షరాలు. ఆస్పత్రిలో తప్పు రాతని అలాగే దిద్దుతారట. దిండు గలీబు తడపడానికి వెళ్ళింది.

ఆ కుబుసం ఒక రోజులో వదల్లేదు. రెండు వారాలు పట్టింది. పేలికలు పేలికలుగా, రోజుకింత. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా బేసిన్ ముందు కూర్చునేది. "కదలమాక, కదలమాక, అయిపోయింది" అని దానితో గుంటూరు తెలుగులో మాట్లాడేది. తోక దక్కింది. ఎడమ కంటి పొర మాత్రం ఊడలేదు. సన్నటి పట్టకారుతో తీసేయొచ్చు కదా అన్నాను.

"తీయొచ్చు. కన్ను కూడా వస్తుంది. వచ్చే కుబుసం దాకా ఆగుదాం."

ఈలోగా ఊళ్ళో కథ పెరిగింది. పక్క ఊళ్ళు డర్హమ్ నుంచి, రాలీ నుంచి పాలచెంబులతో కార్లు రాసాగాయి. ఆవిడ ఎవర్నీ తొట్టి దగ్గరకి రానివ్వలేదు కానీ వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చింది. తాగారు. కనపడ్డవాడల్లా నన్ను "ఏం సార్, వ్యాసం ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

మరోపక్క తెలుగు చర్చి పెద్ద, ఫార్మసిస్టు, ఆవిడ ఇంటికి వచ్చాడు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో ఆదివారం మూడింటికి తెలుగు ఆరాధన జరిగేది. అందులో పాటలు నడిపేది ఈవిడే. ఆ గొంతు వినడానికి నాలాంటి నాస్తికుడు కూడా మెట్ల మీద నిలబడేవాడు. వచ్చినాయన సౌమ్యంగానే చెప్పాడు: "సిస్టర్, మీ ఇంట్లో సర్పపూజ జరిగిందని అందరూ అంటున్నారు. సంఘంలో నిలబడి అలాంటిదేమీ జరగలేదని చెప్పండి. లేదంటే ఆ పాముల్ని ఎవరికన్నా ఇచ్చేయండి. అప్పటిదాకా పాటలు వేరేవాళ్ళు చూసుకుంటారు."

ఈ మాట తెలిసి పరిగెత్తుకు వెళ్ళాను. "అసలు సంగతి చెప్పెయ్యండి. పాము దాహంతో తాగిందని."

"ఎందుకు దాహమేసిందంటారు. నీ పేరు చెప్పాలి. చెబితే నువ్వీ ఊళ్ళో మళ్ళీ నోరెత్తలేవు. నోరెత్తకపోతే నువ్వు బతకవు." పాము తల కింద తడిగుడ్డ సర్దుతూ అంది: "ఇంకోటి కూడా. కెమిస్టుగారి భార్య మొన్న రెండు కప్పులు తాగింది. ఇప్పుడది మామూలు పామని తెలిస్తే మళ్ళీ గుమ్మం దాకానే వస్తుంది."

ఇంతకన్నా చిరాకు తెప్పించే మాట నేను వినలేదు. అబద్ధం మీద నిలబడ్డ కాఫీ ఎందుకు అన్నాను. ఆవిడ గుడ్డ మళ్ళీ తడుపుతూ, "పాటలు పోతే మాత్రం నాకు కష్టంగానే ఉంటుంది" అంది. నేను ఆవిడ నోట కష్టం అన్న మాట వినడం అదే మొదలు.

"నేనే వచ్చి చెబుతాను. ఆదివారం."

"చెబుతావా?" చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "సరే చెప్పు. కాఫీ సంగతి తర్వాత చూసుకుందాం. ఒక్క మాట చాలు, అబ్బాయ్. ఎక్కువ మాట్లాడమాక."

ఆదివారం ఆ బేస్‌మెంటులో మడత కుర్చీల్లో నలభై మంది. ఆవిడ మూడో వరుసలో కూర్చుంది, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. ఫార్మసిస్టుగారు మర్యాదగా, "బ్రదర్ ఏదో చెప్పాలంటున్నారు, విందాం" అన్నాడు. లేచాను. నలభై మొహాలు నా వైపు తిరిగాయి.

"పాములు పాలు తాగవు" అని మొదలుపెట్టాను.

ఆ మాటతో మొదలుపెడితే ఎక్కడికి పోతానో నాకు తెలిసుండాలి. పాములవాళ్ళ దగ్గరికి పోయాను. నాగదోషాల దగ్గరికి, జాతకాల దగ్గరికి పోయాను. ఇది హిందువుల పిచ్చి అని మీరు నవ్వుకుంటున్నారేమో, మీ ఏదెను తోటలో మాట్లాడిన పాము సంగతేమిటి అన్నాను. అప్పుడు కుర్చీలు కదిలాయి. ఆ చప్పుడు వింటే నాకు ఉత్సాహం వస్తుంది. శనివారం చర్చల్లో అది గెలుపు గుర్తు. గొంతు పెంచాను. "బ్రదర్, ఇక చాలు" అని ఫార్మసిస్టు రెండుసార్లు లేచాడు. చివరికి వెనక వరుసలో ఎవరో పాట అందుకున్నారు. అందరూ కలిశారు. ఆ హోరులో నేను నోరు కదుపుతూ నిలబడ్డాను. మూడో వరుసలో ఆవిడ ఒక్కతే పాడడం లేదు.

పార్కింగ్ లాటులో నన్ను కలిసింది. గడ్డం దించి గడియారం చూసుకుంది.

"నలభై నిమిషాలు."

"నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు అక్కా."

"మొదటి నిమిషం ఎవరాపారు?"

నేను కారు తాళాలు వెతుక్కున్నాను.

"నీళ్ళు పెట్టలేదు. రెండు మాటలు. ఇంత చదువుకున్నావు."

"రేపు ఆయన ఇంటికి వెళ్ళి చెబుతాను."

"వద్దు. మళ్ళీ అక్కడా మొదలెడతావు." కారు తలుపు తీసి, పాటల పుస్తకం పక్క సీట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆ బేస్‌మెంటులో ఆవిడ పాట నడపలేదు. పాముల్ని ఇవ్వలేదు. ఒక అమెరికన్ చర్చికి వెళ్ళి, చివరి వరుసలో కూర్చుని, పరాయి భాషలో పాడుకుని వచ్చేది.

జనవరిలో ఒకరోజు ఆఫీసుకి ఫోను చేసింది. "వదిలింది. రెండు పొరలూ కలిసి వచ్చాయి, కన్ను బాగుంది" అని పెట్టేసింది. నేను ఇంకో రాష్ట్రానికి ఉద్యోగం మారేదాకా మా స్నేహం అలాగే సాగింది. ఆవిడ వైపు ఏమీ మారలేదు. నేనే వెళ్ళడం తగ్గించాను.

మొన్న ఫ్యూనరల్ హోముకి ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. ఎవరైనా రెండు మాటలు మాట్లాడండి అన్నారు. లేచి, ఈసారి నిజంగా రెండే మాటలు చెప్పాను. ఆ పాముకి తొమ్మిది రోజులు నేను నీళ్ళు పెట్టలేదు, అందుకే అది పాలు తాగింది అన్నాను. కూర్చున్నాను.

కెమిస్టుగారి భార్య తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ దానికి కారణం వెతుక్కుంటూనే ఉన్నారా అన్నగారూ, పాపం" అంది. ఆవిడ కళ్ళల్లో ఉన్నది నిజమైన జాలి. పక్కనున్నాయన నవ్వి, "సార్ మారరు" అన్నాడు. ఒక్కళ్ళు కూడా నమ్మలేదు. అది మంచి మనసుతో అన్న మాట కాకపోయి ఉంటే నేను వాదించేవాణ్ణి.

సిస్టర్‌తో పన్నెండేళ్ళు అదే వార్డులో పనిచేసిన ఒక నల్లజాతి నర్సు అక్కడ గోడవారగా నిలబడి ఉంది. తెలుగులో నేనేం చెప్పానని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను.

"తొమ్మిది రోజులా?" అంది. "నవంబరులోనా? హీటరు పెట్టుకునా?"

"అవును."

"కుబుసానికి వచ్చిన పాముకా?"

"అవును."

"అయితే తాగదా మరి. నువ్వు బురద పెట్టినా తాగేది." కోటు బొత్తాలు పెట్టుకుంటూ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "అవి మూడూ ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. ఆవిడ నాకు అప్పగించింది. మీ వాళ్ళెవరైనా చూడాలంటే రావచ్చు. నువ్వు మాత్రం రావద్దు."

అలాగే అన్నాను. ఆ రోజు అక్కడ నా మాట నమ్మిన మనిషి ఆవిడొక్కతే.